న్యూజిలాండ్‌లో 128 రాత్రుల వ్యాన్ కాపురం

2023 నవంబర్ 1న పొద్దున్నే బ్యాంకుకు వెళ్ళి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేశాను. పెన్షనర్లకు ఆ నెల ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఆ పని ముగిస్తే మళ్ళీ ఏడాది దాకా నిశ్చింత. 17న ఫ్లైట్ ఎక్కాం. అమ్మాయి, అల్లుడు ఆక్లాండ్‌లో ఉంటారు. అంతకుముందు రెండుసార్లు వెళ్ళినప్పుడు వాళ్ళింట్లోనే ఉన్నాం. మనవణ్ణి స్కూల్లో దింపడం, వంట చేయడం, శని ఆదివారాలు వాళ్ళు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్ళి రావడం. అందులో లోటేమీ లేదు. కానీ పిల్లలకు దొరికేదే ఆ రెండు రోజుల సెలవు, దాన్ని మేం పంచుకుంటున్నామని ఇద్దరికీ మనసులో ఉండేది. ఈసారి మా ఆయన బయల్దేరకముందే తేల్చేశారు. "మన బండి మనం కొనుక్కుందాం. మన తిరుగుడు మనం తిరుగుదాం." అలా ఒక వ్యాన్ కొని, అందులోనే వండుకుంటూ, పడుకుంటూ నాలుగు నెలలు తిరిగాం.

ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరి, 34 ఏళ్ళు చేసి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. నేను బ్యాంకు ఉద్యోగిని. కాబట్టి ఇక్కడ ఇంజన్ సంగతులు ఆయనవి, డబ్బు, వంట, బాత్‌రూమ్ సంగతులు నావి. మాలాగే పిల్లల దగ్గరికి వెళ్ళే అరవై దాటిన వాళ్ళకు పనికొస్తుందని అన్నీ దాచకుండా రాస్తున్నాను.

ముందు వీసా. అక్కడ స్థిరపడిన పిల్లలున్న తల్లిదండ్రులకు పేరెంట్ అండ్ గ్రాండ్‌పేరెంట్ విజిటర్ వీసా ఉంది. ఒక్కో విడత ఆరు నెలల దాకా, మూడేళ్ళలో మొత్తం 18 నెలల దాకా ఉండొచ్చు. మన డ్రైవింగ్ లైసెన్సు ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి అనువాదం అక్కర్లేదు. మేం వెళ్ళినప్పుడు దాంతో 12 నెలలు నడపొచ్చనే నిబంధన ఉండేది. బండ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి. అమెరికాలో ఉన్న మా చెల్లెలి దగ్గర ఆయన స్టీరింగ్ ముట్టుకోలేదు, ఇక్కడ మాత్రం రెండో రోజే కూర్చున్నారు.

డబ్బు పంపడంలో ఒక మెలిక ఉంది. 2023 అక్టోబర్ 1 నుంచి విదేశాలకు పంపే సొమ్ము ఒక ఆర్థిక సంవత్సరంలో 7 లక్షలు దాటితే, దాటిన దానిమీద 20 శాతం టీసీఎస్ అనే పన్ను బ్యాంకు ముందే పట్టుకోవడం మొదలైంది. (2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10 లక్షలైంది.) రిటర్న్ వేసినప్పుడు తిరిగి వస్తుంది కానీ, అప్పటిదాకా మన డబ్బు ఇరుక్కుంటుంది. ఆ పరిమితి ఒక్కో పాన్‌కు విడిగా ఉంటుంది. అందుకని నా ఖాతా నుంచి కొంత, ఆయన ఖాతా నుంచి కొంత, రెండూ 7 లక్షల లోపు ఉండేలా పంపుకున్నాం. అక్కడ మాకు బ్యాంకు ఖాతా లేదు, అమ్మాయి ఖాతాకే వేశాం. అప్పుడు ఒక న్యూజిలాండ్ డాలరు ఇంచుమించు 50 రూపాయలు.

కొనాలా, అద్దెకు తీసుకోవాలా అని చాలామంది అడుగుతున్నారు. నెల, నెలన్నర యాత్రకైతే నిస్సంకోచంగా అద్దెకే తీసుకోండి. బాత్‌రూమ్ ఉన్న ఇద్దరి వ్యాన్‌కు వేసవిలో (అక్కడ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా) మేం విచారించిన చోట్ల రోజుకు 190 డాలర్ల దాకా చెప్పారు. నాలుగు నెలలకు లెక్కేసుకుంటే తడిసి మోపెడవుతుంది. మూడు నెలలు దాటి తిరిగేవాళ్ళకు మాత్రం కొనడమే మేలు. అది కూడా అమ్మడానికి కనీసం రెండు వారాలు చేతిలో పెట్టుకుంటేనే.

తొమ్మిది రోజుల్లో ఏడు వ్యాన్లు చూశాం. చాలావరకు ట్రేడ్ మీ అనే అమ్మకాల వెబ్‌సైట్‌లో దొరికినవే. మొదటిది ఒక డీలర్ దగ్గర. తెల్లగా మెరిసిపోతోంది, లోపల కొత్త కర్టెన్లు, కొత్త పరుపు. అప్పుడే వోఫ్ కూడా అయింది. వోఫ్ అంటే వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్, మన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లాంటిది. నాకు తెగ నచ్చేసింది. మా ఆయన మాత్రం ఒక అట్టపెట్టె చించి నేల మీద పరుచుకుని, టార్చి పట్టుకుని బండి కిందకు దూరారు. స్క్రూడ్రైవర్ పిడితో ఛాసిస్ మీద కొడుతూ పోతున్నారు. టంగ్, టంగ్, టంగ్, ఆ తర్వాత ఒక చోట దబ్ అని మెత్తటి చప్పుడు. మళ్ళీ అక్కడే కొట్టారు. అరచేయంత నల్ల పెంకు ఊడి అట్ట మీద పడింది. తుప్పు మీద నల్లరంగు దట్టంగా కొట్టేశారు. ఆయన పైకి లేచి, చేతులు దులుపుకుని, డీలర్‌కు మర్యాదగా థాంక్స్ చెప్పి, "పద" అన్నారు. ఆ దేశంలో ఏ ఊరూ సముద్రానికి మరీ దూరం కాదు. ఉప్పుగాలి బండ్లను కింద నుంచి తినేస్తుంది. పైన పెయింటు చూసి మురిసిపోవద్దు.

డీజిల్ బండ్లు వద్దనుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, డీజిల్ వాహనాలకు రోడ్ యూజర్ చార్జీలని ముందే కొనుక్కోవాలి, మేం ఉన్నప్పుడు 1000 కిలోమీటర్లకు 76 డాలర్లు. అమ్మేవాడు బాకీ పెట్టి ఉంటే అది కొన్నవాడి నెత్తిన పడుతుంది. రెండు, పాత డీజిల్ టయోటా హయేస్ వ్యాన్లలో టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే గుండెల మీద కుంపటే. చివరికి దొరికింది 2008 టయోటా హయేస్, 2.7 లీటర్ల పెట్రోల్, హై రూఫ్. టైమింగ్ చైన్ కాబట్టి బెల్టు గొడవ లేదు. హామిల్టన్ దగ్గర ఒక పెద్దాయన, ఆవిడ తమ కోసం స్వయంగా తయారు చేసుకున్న వ్యాన్. ఆయనకు మోకాలి ఆపరేషన్ అయి అమ్మేస్తున్నారు. ప్రతి సర్వీసు తేదీ చేత్తో రాసిన నోటుపుస్తకం చూపించారు. మా ఆయన ఆ పుస్తకం చూడగానే సగం ఒప్పేసుకున్నారు.

అయినా ఆగాం. కార్‌జామ్ అనే వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి, బండి మీద అప్పు లేదని, దొంగ బండి కాదని చూసుకున్నాం. ఏఏ (ఆటోమొబైల్ అసోసియేషన్) వాళ్ళ చేత తనిఖీ చేయించాం. తర్వాతే 26,500 డాలర్లకు బేరం కుదిరింది. పేరు మార్చుకోవడానికి మాకు పట్టింది పది నిమిషాలు. పాస్‌పోర్టు, లైసెన్సు, అమ్మాయి ఇంటి చిరునామాతో కౌంటర్లో ఒక ఫారం, అంతే. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళు బండి కొనకూడదేమో అని నేను పడ్డ టెన్షన్ అంతా వృథా. ఇంకో సంగతి, అక్కడ వాహన ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి కాదు. అలాగని మానేయకండి. ఎదుటివాడి ఖరీదైన కారుకు గుద్దితే మన పెన్షన్ చాలదు. మేం ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం.

ఇక అసలు విషయం, టాయిలెట్. ఇది మొహమాటపడి దాటేసే విషయం కాదు. మన వయసులో రాత్రి కనీసం రెండుసార్లు లేస్తాం. చీకట్లో, చలిలో, టార్చి పట్టుకుని వంద గజాలు నడిచే ఓపిక నాకు లేదు. పైగా అక్కడ చట్టం కూడా దీనిమీదే నిలబడింది. వ్యాన్‌లో నీళ్ళు, సింకు, వాడిన నీళ్ళ ట్యాంకు, మూతున్న చెత్తబుట్ట, టాయిలెట్ ఉండి మూడు రోజుల పాటు బయట ఏమీ పారబోయకుండా బతకగలిగితే దాన్ని సెల్ఫ్ కంటెయిన్డ్ అంటారు. చాలా ఊళ్ళలో ఉచితంగా రాత్రి ఆగడానికి ఆ సర్టిఫికెట్ ఉండాలి. 2023 జూన్‌లో చట్టం మారింది. పక్కన పెట్టుకునే పోర్టబుల్ టాయిలెట్ ఇక చెల్లదు, బండికి బిగించి ఉండాలి, మంచం పరిచాక కూడా వాడుకునేలా ఉండాలి. పాత నీలం స్టిక్కర్ల స్థానంలో ఆకుపచ్చవి రావడం మేం ఉన్నప్పుడే మొదలైంది. మా బండికి నీలం స్టిక్కరే ఉన్నా, టాయిలెట్ బిగించినదే. చవకగా కనిపించే వ్యాన్లు ఎందుకు చవకో ఇక్కడ తెలిసిపోతుంది. ఒక ఊళ్ళో చెరువు పక్కన పార్కింగ్‌లో, ఏ సర్టిఫికెట్టూ లేని కారులో పడుకున్న కుర్రాడికి పొద్దున్నే 400 డాలర్ల టికెట్ ఇచ్చి వెళ్ళారు. పాపం, ఆ పిల్లవాడి మొహం చూసి నేను కాఫీ కలిపి ఇచ్చాను.

టాయిలెట్ కింద పెట్టెలా ఒక క్యాసెట్ ఉంటుంది. ఇద్దరికి రెండు, మూడు రోజులకు నిండుతుంది. దాన్ని డంప్ స్టేషన్‌లో, అంటే వ్యాన్ల మురుగు పారబోయడానికి కట్టిన చోట, ఖాళీ చేయాలి. ఇది ఎవరు చేయాలన్న ప్రశ్న మొదటిరోజు మా ఇద్దరి మధ్యా మాటలు లేకుండా నిలబడింది. ఆయన గ్లవుజులు తొడుక్కున్నారు. రెండోసారి నేను తీసుకున్నాను. గొట్టం కిందకు తిప్పి, వంచేటప్పుడు బొటనవేలితో గాలి బటన్ నొక్కి పట్టుకోవాలి. నొక్కకపోతే గడగడమని మీదకు చిందుతుంది. ఆ ఒక్క కిటుకు తెలిస్తే రెండు నిమిషాల పని. చాలా ఊళ్ళలో డంప్ స్టేషన్లు ఉచితం, శుభ్రంగా ఉంటాయి. ఎక్కడున్నాయో క్యాంపర్‌మేట్ యాప్‌లో కనిపిస్తాయి. నాలుగు నెలల్లో ఆ పని మీద అసహ్యం పూర్తిగా పోయింది. ఇంట్లో ఈ పని ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు మన కోసం చేస్తూనే ఉన్నారు కదా అని చాలాసార్లు అనిపించింది.

మొదటి రెండు వారాలు ఉత్తర దీవిలోనే, ఇంటికి మరీ దూరం పోకుండా తిరిగాం. రోటొరువాలో కుయిరావు పార్కులో ఉచితంగా కాళ్ళు పెట్టుకునే వేడినీళ్ళ తొట్లున్నాయి. ఆయన మోకాళ్ళకు అవి మందులా పనిచేశాయి, మూడు రోజులు కదల్లేదు. తౌపోలో హుకా జలపాతం దగ్గర రీడ్స్ ఫామ్ అనే నది ఒడ్డు స్థలంలో ఉచితంగా ఆగాం. చోటు అందమైనదే, కానీ కుర్రకారు ఎక్కువ, రాత్రి పాటలు ఎక్కువ. నిద్ర ముఖ్యమనుకునే వాళ్ళకు ఒక్క రాత్రి చాలు.

అక్కడే లోపలి బ్యాటరీ చచ్చిపోయింది. ఫ్రిజ్, లైట్లు దానిమీదే నడుస్తాయి. బండి కొన్న వెంటనే పాత బ్యాటరీ తీయించి ఒక షాపులో "కొత్తది" వేయించాం. రాత్రి 11కి ఫ్రిజ్ ఆగిపోయింది, పొద్దుటికి పాలు విరిగాయి. ఆయన బ్యాటరీ తీసి తేదీ ముద్ర చూస్తే మూడేళ్ళ కిందటిది. ఆ షాపుకు ఫోన్ చేస్తే ఒప్పుకోలేదు, వెనక్కి వెళ్ళి పోట్లాడే ఓపిక మాకు లేదు. 420 డాలర్లు పెట్టి వేరే ఊళ్ళో మరొకటి వేయించుకున్నాం. మీరు మాత్రం బిగించక ముందే ముద్ర చదవండి.

దక్షిణ దీవికి వెల్లింగ్టన్ నుంచి పిక్టన్ దాకా ఫెర్రీ, మూడున్నర గంటలు. ఎక్కేముందు గ్యాస్ సిలిండర్ ఆపేశారా అని అడుగుతారు. రానూ పోనూ బండితో కలిపి 640 డాలర్లయింది. వేసవి సెలవుల్లో టికెట్లు దొరకవు, నెల ముందే చేసుకోండి. దాటేటప్పుడు జలసంధిలో గాలి ఎక్కువై నేను కూర్చున్న చోటు నుంచి లేవలేకపోయాను. తిరుగు ప్రయాణంలో ముందే మాత్ర వేసుకున్నాను, ఏమీ కాలేదు.

బసల్లో మూడు రకాలు చూశాం, మూడూ దేనికదే. మొత్తం 128 రాత్రుల్లో 41 రాత్రులు హాలిడే పార్కుల్లో, 52 రాత్రులు డాక్ అనే ప్రభుత్వ శాఖ స్థలాల్లో, మిగిలిన 35 ఉచిత స్థలాల్లో గడిపాం.

హాలిడే పార్క్ అంటే కరెంటు ప్లగ్గు, వేడినీళ్ళ షవర్లు, పెద్ద వంటగది, వాషింగ్ మెషీన్ ఉన్న చోటు. ఇద్దరికి సగటున 54 డాలర్లు పడింది. మూడు, నాలుగు రోజులకోసారి ఇక్కడికి రావడం మాకు పండగలా ఉండేది. తలస్నానం, బట్టలుతుకు, ఇండక్షన్ స్టవ్ మీద తీరిగ్గా కూర. కానీ ఊరి పేరు పెద్దదైతే ధర పెద్దది, చోటు చిన్నది. ఒక సరస్సు ఒడ్డున 70 డాలర్లు తీసుకుని, పక్క వ్యాన్ తలుపు తీస్తే మా అద్దానికి తగిలేంత ఇరుకులో నిలబెట్టారు. అదే పడమటి తీరంలో చిన్న ఊళ్ళలో 40కే కావలసినంత చోటు, యజమాని తోటలో కొత్తిమీర కోసుకోమన్నారు.

డాక్ అంటే డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్సర్వేషన్, అక్కడి అటవీ శాఖ అనుకోండి. వీళ్ళ స్థలాల్లో మాకు మనిషికి 10, 15 డాలర్లు పడేవి. టాయిలెట్, కుళాయి ఉంటాయి, కరెంటుండదు. కానీ ఆ దేశంలో అత్యంత అందమైన చోట్లన్నీ వీళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. నన్నడిగితే మన డబ్బుకు దీన్ని మించిన బస లేదు. వానాకా సరస్సు ఒడ్డున బౌండరీ క్రీక్, క్వీన్స్‌టౌన్ బయట ట్వెల్వ్ మైల్ డెల్టా, రెండూ మళ్ళీ వెళ్ళే చోట్లే. క్వీన్స్‌టౌన్ ఊళ్ళో బండి నిలపడమే కష్టం, మాకు ఆ ఊరే అంతగా పట్టలేదు.

ఉచిత స్థలాల మీద నా అభిప్రాయం కాస్త కఠినం. వెల్లింగ్టన్‌లో ఎవాన్స్ బే మెరీనా లాంటివి ఊరికి దగ్గరగా, సౌకర్యంగా ఉంటాయి. కానీ సాయంత్రం నాలుగింటికల్లా చేరకపోతే చోటుండదు. ఆ తొందరలో మధ్యాహ్నం చూడాల్సినవి వదిలేసి పరుగెత్తాలి. 25 డాలర్లు మిగుల్చుకోవడానికి ఒక పూట పోగొట్టుకోవడం మన వయసు వాళ్ళకు లాభం కాదు. అక్కడి వాళ్ళు చాలామంది మోటార్ క్యారవాన్ అసోసియేషన్‌లో సభ్యులు, దానికి దేశమంతటా సొంత స్థలాలున్నాయి. మేం చేరలేదు. మొదటి వారంలోనే విచారించి ఉండాల్సింది.

ఇక మౌంట్ కుక్. అవొరాకి అని మావొరీ పేరు, 3,724 మీటర్లు. దాని కింద వైట్ హార్స్ హిల్ అనే డాక్ స్థలం. పుకాకి సరస్సు పక్కగా రోడ్డు వెళ్తుంది, ఆ నీళ్ళ రంగు మన నెమలికంఠం. హిమానీనదాలు రాళ్ళను పిండిగా నూరడం వల్ల ఆ రంగు వస్తుందట. జనవరి మధ్యలో నాలుగు రాత్రులు ఉన్నాం. మొదటి రాత్రి రెండింటికి ఉరిమినట్టు పెద్ద చప్పుడైంది. వాన అనుకుని ఆయన కిటికీ తెర తీశారు. ఆకాశం నిండా చుక్కలు, ఒక్క మబ్బు లేదు. పొద్దున పక్క వ్యాన్ ఆవిడ చెప్పింది, ఎదురుగా ఉన్న సెఫ్టన్ పర్వతం మీది మంచు విరిగి పడే చప్పుడని. తర్వాతి రాత్రుళ్ళు ఆ ఉరుము కోసం మెలకువగా ఉన్నాం.

మేం వెళ్ళినప్పుడు హుకర్ వ్యాలీ నడక రానూ పోనూ 10 కిలోమీటర్లు, మూడు వేలాడే వంతెనలు. దారి చదునుగా ఉంటుంది, ఆయన మోకాళ్ళతో కూడా నడవగలిగారు. మాకు ఐదు గంటలు పట్టింది, అందరికీ మూడే. చివర సరస్సులో మంచుగడ్డలు తేలుతూ ఉంటాయి. అక్కడ కూర్చుని పులిహోర తిన్నాం. చింతపండు గుజ్జు ముందురోజే ఉడికించి సీసాలో పెట్టుకున్నాను.

వంట గురించి చెప్పాలి. ఊరగాయలు, పొడులు తీసుకెళ్ళేవాళ్ళు న్యూజిలాండ్‌లో దిగేముందు నింపే డిక్లరేషన్‌లో తప్పకుండా రాయండి. రాస్తే చూసి పంపుతారు లేదా తీసేస్తారు, అంతే. దాస్తే 400 డాలర్ల జరిమానా. బియ్యం, పప్పులు ఆక్లాండ్‌లో శాండ్రింగ్‌హామ్ కొట్లలో కొన్నాం. మూడు లీటర్ల కుక్కర్ నా కుడిభుజం. అన్నం, పప్పు ఒకేసారి, గ్యాస్ ఆదా. పోపు మాత్రం వ్యాన్ లోపల ఎప్పుడూ వేయొద్దు. ఇంగువ వాసన పరుపుకు పట్టి వారం పోదు. తలుపు తీసి, బయట చిన్న స్టవ్ మీద వేసుకోవాలి.

నాకు బెంగంతా పెరుగు గురించి. ఆ చలిలో తోడుకోదు. దుప్పటి చుట్టాను, ఎండలో పెట్టాను, నీళ్ళలాగే ఉండేది. ఒకరోజు ఆయనే అన్నారు, "హయేస్‌లో ఇంజన్ మన సీట్ల కిందే ఉంటుంది, అక్కడ పెట్టు." బండి ఆపిన వెంటనే, పాలు గోరువెచ్చగా చేసి, తోడు వేసి, స్టీలు డబ్బాను తువ్వాలులో చుట్టి రెండు సీట్ల మధ్య ఇంజన్ మూత మీద పెట్టాను. పైన ఆయన స్వెట్టర్ కప్పాను. తెల్లారి మూత తీస్తే చెంచా నిలబడేంత గట్టిగా ఉంది. ఆ రోజు నుంచి 100 కిలోమీటర్లు నడిపిన ప్రతి సాయంత్రం పెరుగు పెట్టేదాన్ని. ప్రయాణం లేని రోజు మజ్జిగతో సరి.

మిల్‌ఫర్డ్ సౌండ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. టె అనావు అనే ఊరి నుంచి 120 కిలోమీటర్లు. ట్యాంకు టె అనావులోనే నింపుకోవాలి. ఆ దారిలో ఎక్కడ పడితే అక్కడ రాత్రి ఆగనివ్వరు, క్యాస్కేడ్ క్రీక్ డాక్ స్థలంలో ఉన్నాం. మిల్‌ఫర్డ్‌లో ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వాన పడుతుంది. మేం వెళ్ళిన రోజూ కుండపోతే. వాన అని యాత్ర మానుకోవద్దు, ఆ వానలోనే కొండల మీద నుంచి వందల జలపాతాలు పుడతాయి. హోమర్ సొరంగం ముందు ఆగినప్పుడు కియా చిలుకలు వచ్చి అద్దం చుట్టూ రబ్బరు పీకడం మొదలుపెట్టాయి. బెదరవు. ఆయన వాటిని చూస్తూ ఉండిపోయారు, నేనే హారన్ కొట్టాను.

పడమటి తీరంలో, మిల్‌ఫర్డ్ ఉన్న ఫియోర్డ్‌లాండ్ ప్రాంతంలో శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ ఉంది. ఆవగింజంత కూడా ఉండదు, కుడితే వారం దురద. తలుపు తీసి గిన్నెలు కడిగిన ఐదు నిమిషాల్లో నా పాదాల మీద పదకొండు కాట్లు లెక్కపెట్టుకున్నాను. సాక్సులు, పొడుగు చేతులు, తలుపుకు దోమతెర, ఇవి ముందే పెట్టుకోండి.

దక్షిణం కొసన క్యూరియో బేలో 18 కోట్ల ఏళ్ళ నాటి అడవి రాయిగా మారి సముద్రం ఒడ్డున పడి ఉంది. పోటు తగ్గినప్పుడు మొద్దులు, వాటి వలయాలు కూడా కనిపిస్తాయి. సాయంత్రం ఒక్క పసుపు కళ్ళ పెంగ్విన్ నీళ్ళలోంచి బయటికి వచ్చి, ఆ రాతి మొద్దుల మీదుగా నెమ్మదిగా గూటికి నడిచి వెళ్ళింది. ఇరవై మంది ఉన్నాం, ఎవరూ గొంతెత్తలేదు. రాత్రి గాలికి వ్యాన్ ఉయ్యాలలా ఊగింది. ఆయన అర్ధరాత్రి లేచి బండి ముక్కు గాలికి ఎదురుగా తిప్పాక కానీ నిద్ర పట్టలేదు.

నడపడం గురించి రెండు మాటలు. బయటి రోడ్ల మీద 100 పరిమితి, కానీ మన వ్యాన్ వంపుల్లో 70 దాటదు. వెనక బండ్లు చేరితే పక్కకు ఆపి వాళ్ళను పోనివ్వాలి, అది అక్కడి మర్యాద. ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు చాలా ఉంటాయి. బోర్డు మీద మనం వెళ్ళే దిశను చూపేది ఎర్ర బాణమైతే ఆగాల్సింది మనమే.

ఆరోగ్యం విషయంలో, ప్రమాదంలో దెబ్బ తగిలితే సందర్శకులకు కూడా అక్కడి ఏసీసీ అనే ప్రభుత్వ ప్రమాద బీమా పథకం చికిత్స భరిస్తుంది. జబ్బు చేస్తే భరించదు. కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరిగా తీసుకోండి. డాక్టర్ చీటీ మీద మందులు మూడు నెలలకే తీసుకెళ్ళనిస్తారు. ఫిబ్రవరిలో ఆయన బీపీ మాత్రలు అయిపోవచ్చాయి. డనీడిన్‌లో ఒక క్లినిక్‌లో చూపించుకుంటే విదేశీయులమని ఫీజు వంద డాలర్లు దాటింది. డాక్టరమ్మ మాత్రం ఇరవై నిమిషాలు ఓపిగ్గా చూసింది.

ఇక ఖర్చు. మొత్తం 9,400 కిలోమీటర్లు తిరిగాం, పెట్రోలుకు ఇంచుమించు 3,300 డాలర్లు. బసకు 3,460, తిండికి 4,100. ఫెర్రీ, ఇన్సూరెన్స్, బ్యాటరీ, తనిఖీలు, చిల్లర మల్లర ఖర్చులు, బండి అమ్మకంలో పోయింది, అన్నీ కలిపి మొత్తం 18,000 డాలర్ల దగ్గర తేలింది. మన డబ్బుల్లో 9 లక్షలు. ఇద్దరికి నాలుగు నెలలకు.

అమ్మకంలో 4,500 పోవడానికి కారణం మేం కొన్న, అమ్మిన కాలం. వేసవి ముందు అందరూ కొంటారు, ధర ఎక్కువ. చలికాలం ముందు అందరూ అమ్ముతారు, ధర పడిపోతుంది. సాధ్యమైతే దీన్ని తిరగేయండి, చలికాలం ముందు కొని వేసవి ముందు అమ్మండి. మాకు మే మధ్యలో వీసా అయిపోతుంది కాబట్టి ఏప్రిల్‌లో అమ్మక తప్పలేదు. 22,000 వచ్చిందంటే టాయిలెట్ బిగించి ఉండటమే కారణం. చూసిన ప్రతివాళ్ళూ మొదట అదే అడిగారు.

కొన్నది ఒక జర్మన్ జంట, వాళ్ళూ రిటైరైనవాళ్ళే. మా ఆయన హామిల్టన్ పెద్దాయన నోటుపుస్తకంలో తన చేత్తో మేం మార్చిన ఆయిలు, బ్యాటరీ, టైర్ల గాలి తేదీలన్నీ రాసి ఇచ్చారు. ఆవిడ లోపల అన్నీ చూసుకుంటూ, స్టవ్ పక్కన చెక్క మీద ఉన్న పచ్చటి మరక ఏమిటని అడిగింది. పసుపు, ఎంత తోమినా పోలేదని చెప్పాను. పరవాలేదంది. ఇంజన్ మూత ఎత్తి చూపించి, పెరుగు సంగతి కూడా చెప్పాను. ఆవిడ ఫోన్ తీసి రాసుకుంది.